నడక బిడ్డ సుచిత్ర

సుచిత్ర పోటీ నడక నడుస్తుంటే చూసి నవ్వని మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో లేడంటే అబద్ధం కాదు. అందరికంటే ముందు నవ్వింది కన్నతల్లే. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం సందు చివరికి వచ్చింది భూలక్ష్మి. సరూర్‌నగర్ స్టేడియం వైపు నుంచి కూతురు వస్తోంది. మోచేతులు వంచి, నడుము అటూ ఇటూ తిప్పుకుంటూ, వెనక కుక్క తరుముతుంటే నలుగురూ చూస్తున్నారని పరిగెత్తలేక నడుస్తున్నట్టుగా వస్తోంది. భూలక్ష్మికి నవ్వు ఆగలేదు. కాసేపటికి, ఇంకెవరైనా చూశారేమోనని చుట్టూ చూసి సిగ్గుపడింది.

చూడకేం, ఎదురింటి భారతమ్మ చూసింది. భారతమ్మ చూసిందంటే చైతన్యపురి మొత్తం చూసినట్టే. ఆమె కడుపులో అన్నమైనా అరుగుతుందేమో గాని కబురు అరగదు. సాయంత్రం పూలు కట్టుకుంటూ అరుగు మీద కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"నీ బిడ్డ గట్ల నడుము తిప్పుకుంట రోడ్డు మీద పోతుంటే ఎట్ల ఊకున్నవ్ భూలక్ష్మీ? రేపు సూడనీకి ఒచ్చినోళ్లు జర నడిచి సూపియ్యమంటే ఏం జేస్తవ్?"

భూలక్ష్మి ఆ రాత్రి భర్తకు చెప్పింది. నర్సింహులు మాట తక్కువ మనిషి. వాళ్లది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. మగ్గం మీద బతుకు నడవక పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పరుపు మీద కూర్చుని, ఒకప్పుడు తాను నేసినటువంటి చీరలనే పొద్దస్తమానం విప్పి చూపిస్తూ ఉండేవాడు. అంతా విని, పిల్లకు ఇష్టమైతే నడవనీ, నడిస్తే ఏం పోతుంది, చెప్పులు అరుగుతాయి, అంతే కదా అన్నాడు.

ఆ నడక నేర్పుతున్నది సాంబమూర్తి మాస్టారు. తెనాలి వైపు మనిషి. ఏ కాలంలోనో ఉద్యోగం మీద వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. పీటీ మాస్టారుగా రిటైరయ్యాక కూడా పొద్దున్నే మెడలో విజిల్ వేసుకుని సరూర్‌నగర్ స్టేడియానికి వచ్చేవాడు. పిల్ల తల్లికి ఈ వ్యవహారం నచ్చలేదని తెలిసి ఒకరోజు తనే ఇంటికొచ్చాడు. టీ తాగుతూ ఆ పోటీ సంగతి విడమరిచి చెప్పాడు.

"ఇందులో రెండే రూల్సమ్మా. ఎప్పుడు చూసినా ఒక పాదం నేల మీద ఉండాలి. రెండూ గాల్లో ఉన్నాయంటే అది పరుగు. రెండోది, ముందుకేసిన కాలు నేలకి తగిలేటప్పుడు మోకాలు కర్రలా నిటారుగా ఉండాలి. రోడ్డు పక్కన జడ్జీలు నిలబడి ఉత్త కళ్లతోనే చూస్తారు. తప్పు కనబడితే ఎర్ర కార్డు రాస్తారు. ముగ్గురు జడ్జీలు రాశారంటే ఇక ఇంటికే. మీ అమ్మాయి కాలు దేవుడు ఇందుకోసమే చేశాడేమో అనిపిస్తుంది. కాకపోతే నా కళ్లకి శుక్లాలు మొదలయ్యాయి. చూసేవాళ్లు కావాలి."

భూలక్ష్మి కళ్ల సంగతి అప్పుడు బయటపడింది. పెళ్లికి ముందు నుంచి ఆమె పుట్టింట్లో చిటికి కట్టేది. అంటే రంగులో ముంచకముందు నూలు పోగుల్ని గుర్తుల ప్రకారం బిగించి కట్టడం. ఒక్క పోగు జరిగినా రేపు చీర మీద చిలక ముక్కు వంకరపోతుంది. ఆ పని చేసిన కళ్లకు జరిగిన పోగు దానంతటదే కనిపిస్తుంది. మర్నాడు స్టేడియం దగ్గర నిలబెడితే, కూతురి పాదం లేచిన ప్రతిసారీ ఆమెకు తెలిసిపోయింది. సాంబమూర్తి సంతోషపడిపోయి, ఆమెకు రెండు మాటలు అప్పగించాడు. పాదం లేస్తే "నేల" అనాలి. కాలు వంగితే "మోకాలు" అనాలి. ఇంకేమీ అనక్కర్లేదు.

అలా నవ్విన తల్లే కాపలాదారు అయింది. రోజూ పొద్దున పిల్ల నడుస్తుంటే ఈమె మలుపు దగ్గర స్వెట్టర్ వేసుకుని, చేతిలో నీళ్ల సీసాతో నిలబడి, "నేల" అంటూ ఉండేది. ఆ మాట చెవిలో పడగానే సుచిత్ర పాదం దానంతటదే దిగేది. తల్లి నోటికీ పిల్ల కాలికీ మధ్య దారం కట్టినట్టుండేది.

మాస్టారు ఇంకో నియమం కూడా పెట్టాడు. పోటీలున్నన్నాళ్లూ పరుగన్న మాటే ఉండకూడదు. పరుగు అలవాటైన కాలు అలసట మీద పరుగులోకి జారుతుందని ఆయన భయం. సుచిత్ర దాన్ని వ్రతంలా పట్టుకుంది. కాలేజీకి పోయేటప్పుడు బస్సు కళ్లముందే కదిలిపోతున్నా పరిగెత్తేది కాదు. వాన కురుస్తున్నా నడిచే వచ్చేది. తలుపు తీస్తూ భూలక్ష్మి, "ఏందే, జర ఉరికొస్తే నీ సొమ్మేం బోయె" అని విసుక్కునేది గాని, లోపల మురిసిపోయేది.

జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలో గెలిచింది. జాతీయ జూనియర్ పోటీల్లో బంగారు పతకం తెచ్చింది. పేపర్లో జిల్లా పేజీలో ఫోటో పడిన రోజు భారతమ్మ ఆ పేజీ పట్టుకుని సందంతా తిరిగి, ఈ పిల్ల నడక చూసి మొట్టమొదట మెచ్చుకున్నది తనేనని చెప్పుకుంది. ఎవరూ కాదనలేదు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఏడు చలికాలంలో పెద్దవాళ్ల జాతీయ శిబిరానికి ఎంపిక పోటీ ఉంది. అందులో నెగ్గితే దేశం తరఫున నడవచ్చు. సుచిత్ర ఇంకేమీ కోరుకోలేదు. సినిమాలు వద్దంది, పెళ్లిళ్లకు రానంది, పండక్కి పట్టులంగా కుట్టిస్తానంటే బూట్లు కొనమంది.

ఆ ఏడు ఎలాంటిదో ఆ రోడ్డు మీద బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బడులు లేవు, బస్సులు లేవు, నర్సింహులు దుకాణం షట్టర్ లేవలేదు. అందరికీ పరేషాన్, సుచిత్రకు మాత్రం రోడ్డు దొరికింది. మామూలు రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆ హైవే మీద ఇసుక వేస్తే రాలదు. బంద్ రోజున కడిగిపెట్టిన పళ్లెంలా ఉండేది. కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు కూడా బత్తాయి వాసన తప్ప బండి లేదు. సాంబమూర్తి గొంతు తగ్గించి, మీ ఉద్యమం పుణ్యమా అని మనకో ట్రాక్ దొరికిందమ్మా అని నవ్వేవాడు.

కొత్తపేటలో రిలే నిరాహార దీక్షల టెంట్ ఉండేది. దాని పెద్ద కమలాకర్. ఎల్బీనగర్ పాత ఊళ్లో భూములున్న ఇంటివాడు, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆ పిల్ల టెంట్ ముందు నుంచి పోతుంటే మైకు పట్టుకుని, "తెలంగాణ ఎప్పుడొస్తది, ఎట్లొస్తది అని అడుగుతున్నరు గదా. గిదో, గిట్ల నడుసుకుంటనే ఒస్తది, నేల ఇడవకుంట" అనేవాడు. టెంట్ కింద కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టేవాళ్లు. నడక బిడ్డ అని పేరు పెట్టింది ఆయనే. రాష్ట్రం వచ్చాక తెలంగాణ అని రాసిన బనియన్ మొదట తొడగాల్సింది నువ్వేనని ఆ పిల్లకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

దసరా దాటాక కొత్తపేటలో వంటావార్పు పెట్టారు. అది ఆ ఉద్యమంలో పుట్టిన పద్ధతి. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని అక్కడే బంతులు కూర్చుని తినడం. రోడ్డు మాది అని చెప్పడానికి అంతకంటే రుచైన మార్గం ఇంకేముంది. భూలక్ష్మి, భారతమ్మ కలిసి ఒక పొయ్యి తీసుకున్నారు. కిచిడీ, పచ్చిపులుసు. సుచిత్రకు ఎంపిక పోటీ దగ్గర పడుతోంది, ఒక్కరోజు కూడా పోగొట్టుకోవడానికి లేదు. కాబట్టి ఆ పొయ్యి దగ్గర నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా పోయి రావడం, పొయ్యి దగ్గర మలుపు తిరగడం అని అనుకున్నారు.

సాంబమూర్తి మాత్రం ముందురోజే రానన్నాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. టెంట్‌లో ఎవరో ఒకసారి "ఆంధ్ర సారు" అని నవ్వుతూ అన్నారు, అంతే. ఆయన కూడా నవ్వాడు. కాని ఆ నవ్వు ఇంటికి పోయాక ఆయనలో ఎక్కడో ముల్లులా ఉండిపోయినట్టుంది. రేపు అంత జనంలో నేను లేకపోతేనే బాగుంటుందమ్మా, మీరు చూసుకోండి, మీకంటే బాగా చూసేవాళ్లెవరు అని భూలక్ష్మితో చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఎండ బాగుంది. కిచిడీ ఉడుకుతోంది. ఒకవైపు బతుకమ్మ పాటలు, ఒకవైపు డప్పులు. సుచిత్ర వస్తున్నప్పుడల్లా భారతమ్మ గరిట పైకెత్తి జెండా ఊపినట్టు ఊపుతోంది. భూలక్ష్మి ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను పాదాల మీద పెట్టింది. సుచిత్ర పొయ్యి దగ్గర మలుపు తిరిగి మళ్లీ ఎల్బీనగర్ వైపు సాగింది. పట్టుమని పది అంగలు వేసిందో లేదో, వెనక మలక్‌పేట వైపు నుంచి ఢామ్మని ఒక శబ్దం. ఆ వెంటనే, పోలీసులొస్తున్నారని ఒక గొంతు.

పోలీసులెవరూ రాలేదు. పక్క సందులో ఏదో లారీ టైరు పేలిందని తర్వాత తెలిసింది. కాని అప్పటికే జనం లేచారు. బంతిలో కూర్చున్నవాళ్లు విస్తళ్లు తొక్కుకుంటూ, పొయ్యిలు తన్నుకుంటూ, అంతా ఎల్బీనగర్ వైపే పరిగెత్తారు. ఆ వరదకు అడ్డంగా ముందు సుచిత్ర ఉంది. ఆ పిల్ల తల తిప్పి చూసింది. చూసి, ఎవరైనా చేసేదే చేసింది. పరుగందుకుంది. రెండు పాదాలూ గాల్లోకి లేచాయి.

ఆ లేచిన పాదాలు భూలక్ష్మికి కనిపించాయి. అంత గందరగోళంలో ఆమెకు కనిపించింది అదొక్కటే. పోటీ దగ్గర పడుతుంటే పిల్ల కాలు లేస్తోంది. ఆలోచించి అన్నది కాదు. ఇన్నేళ్లుగా రోజూ అంటున్న నోరు దానంతటదే అంది.

"నేల!"

అంత గోలలోనూ సుచిత్రకు ఆ మాట వినిపించింది. పాదం దిగింది. పరుగు నడకైంది. రెప్పపాటే. ఆ రెప్పపాటులో వెనక జనం వచ్చి మీద పడ్డారు. డివైడర్ రాతి అంచుకు మోకాలు కొట్టుకున్న చప్పుడు ఆ గోలలో తల్లికి వినపడలేదు. కాని ఆ తర్వాత జీవితమంతా వినపడింది.

కమలాకర్ తన బండిలో వేసుకుని మలక్‌పేటలోని దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్లు చెయ్యవలసిందంతా చేశారు. మోకాలి చిప్ప అతికింది. పిల్ల లేచి నడిచింది, మెట్లెక్కింది. అందరూ గండం గడిచిందన్నారు. ఒక్క సాంబమూర్తి చూడటానికి వచ్చి, ఆమె మంచం నుంచి కిటికీ దాకా నడిస్తే చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. భూలక్ష్మి ఆయన కంటే ముందే చూసింది. కాలు చాపితే మోకాలి దగ్గర వెంట్రుకవాసి వంపు మిగిలిపోతోంది. మామూలు మనిషికి అది కుంటు కాదు, లోపం కూడా కాదు. ఆ నడకకు మాత్రం అంతే చాలు. ఎంపిక పోటీ సుచిత్ర లేకుండానే అయిపోయింది.

అంతమంది వచ్చి ఓదార్చారు గాని, పొయ్యి దగ్గర తల్లి అన్న మాట సంగతి ఎవరికీ తెలియదు. భారతమ్మ పక్కనే ఉండి విన్నది. కాని ఆ ఒక్క కబురు మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇది ఆమెకు దండం పెట్టి చెప్పుకోవలసిన సంగతి. దవాఖానలో ఒక మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ, భూలక్ష్మి కూతురి కాలు మీద చెయ్యి వేసి నోరు తెరిచింది.

"బిడ్డా, ఆ దినం నేను..."

"నువ్వు జెప్పినవ్, నేను ఇన్న. గంతే గదమ్మా" అంది సుచిత్ర, గోడ వైపు చూస్తూ. "ఇగ ఆ ముచ్చట ఒద్దు."

తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి భూలక్ష్మి నోట "నేల" అన్న మాట రాలేదు. నర్సింహులు అన్నానికి వస్తే "కింద కూసో" అనేది. గిన్నె ఎక్కడ పెట్టాలంటే "ఆడ పెట్టు" అనేది. ఆ మాటనే ఇంట్లోంచి ఊడ్చిపారేసింది.

సుచిత్ర మాత్రం వదలలేదు. పొద్దున్నే తల్లి నూనె రాస్తే, కాలికి ఇసుక మూట కట్టుకుని పడుకుని, ఆ వెంట్రుకవాసి కోసం పళ్లు బిగించేది. మెట్రో కోసం ఆ రోడ్డంతా తవ్వేశారు, ఎక్కడ చూసినా స్తంభాలు లేచాయి, ఆమె సరూర్‌నగర్ చెరువు పక్క రోడ్డుకు మారింది. రెండేళ్లు పోయాక కాలు దారికొచ్చినట్టే అనిపించింది. మెల్లగా నడిస్తే నిటారుగా వస్తోంది. వేగం పెంచి, అలసట వచ్చేసరికి వంగుతోంది.

రాష్ట్రం వచ్చింది. కొత్తపేటలో పటాకులు కాల్చారు, రంగులు చల్లుకున్నారు. కమలాకర్ మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చి, "చెల్లె, బనియన్ కత యాదికున్నదా?" అని అడిగాడు. సుచిత్ర నవ్వింది. చాలా రోజులకు ఆ పిల్ల నోరారా నవ్వడం భూలక్ష్మి చూసింది.

కొన్నాళ్లకు సరూర్‌నగర్ చెరువు రోడ్డు మీద నడక పోటీ పెట్టారు. మొదట వచ్చిన ఇద్దరికీ కొత్త రాష్ట్రం బనియన్, జాతీయ పోటీలకు చోటు. సాంబమూర్తి ఈసారి రాకుండా ఉండలేదు. కళ్లకు ఆపరేషన్ అయింది గాని చూపు పూర్తిగా రాలేదు. ఆయనే భూలక్ష్మిని మలుపు దగ్గర నిలబెట్టాడు.

"మొదటి స్థానం మనకొద్దమ్మా, రెండోది చాలు. కాలు వంగుతున్నట్టు కనిపించగానే మోకాలు అనండి. అమ్మాయి వేగం తగ్గించుకుంటుంది. తగ్గిస్తే కాలు సరిగ్గా పడుతుంది. మీ మాట మీదే ఉంది."

ఆమె తలూపింది.

సుచిత్ర మొదటి నుంచే ముందుకు వెళ్లిపోయింది. ఆ నడుము, ఆ మోచేతులు, చూసినవాళ్లెవరికీ ఆ రోజు నవ్వు రాలేదు. సగం దాటేసరికి బోర్డు మీద ఆమె నంబరు ఎదురుగా ఒక ఎర్ర గుర్తు పడింది. ఇంకొంచెం సేపటికి రెండోది. రెండో స్థానంలో ఉన్న అమ్మాయి ఎక్కడో వెనకుంది. మలుపు దగ్గరికి వస్తూ సుచిత్ర తల్లి ముఖంలోకి చూసింది. అడుగుతున్న చూపు అది.

మోకాలు వంగుతోంది. భూలక్ష్మికి స్పష్టంగా కనిపిస్తోంది, జరిగిన పోగులాగా. నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట వెనకే కిచిడీ గిన్నె బోర్లపడటం, జనం, ఆ రాయి, అన్నీ వచ్చాయి. నేను నోరు తెరిస్తే ఈ పిల్లకు ఏమవుతుందో అనుకుంది. నోరు మూసుకుంది.

తల్లి ఏమీ అనలేదంటే ఇప్పుడు కాలు బాగానే పడుతోందని సుచిత్ర అనుకుంది. అదే వేగంతో సాగిపోయింది. మరో చుట్టు తిరిగి వచ్చింది, మళ్లీ చూసింది. భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. చెరువు అవతలి మలుపులో పెద్ద జడ్జి ఎదురొచ్చి, మూడో కార్డూ పడిందని ఎర్ర పలక చూపించాడు.

సుచిత్ర ఆగింది. నడుము మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత రోడ్డు దిగి, అందరూ నడిచే నడకతో తల్లి దగ్గరికి వచ్చింది.

"ఒంగిందా అమ్మా?"

"ఒంగింది బిడ్డా."

"ఎప్పటి సంది?"

"రెండు సుట్ల సంది."

సుచిత్ర నీళ్ల సీసా అందుకుని తాగింది. మిగిలిన నీళ్లతో ముఖం కడుక్కుంది. సాంబమూర్తి మెల్లగా వచ్చి, తల్లీకూతుళ్లను కాకుండా చెరువును చూస్తూ, ఆ రోజు నేను రావలసింది అన్నాడు. ఏ రోజని ఎవరూ అడగలేదు.

తల్లీకూతుళ్లిద్దరూ నడుచుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దాకా వచ్చారు. మెట్రో స్తంభాల కింద ఎల్బీనగర్ బస్సు అప్పుడే కదులుతోంది. సుచిత్ర బస్సు వైపు చూసింది, తల్లి వైపు చూసింది.

"ఉరుకుదాం పా అమ్మా" అంది.

అని పరిగెత్తింది. ఆ వంకర మోకాలితోనే, బూట్లు టపటపలాడిస్తూ, చిన్నపిల్లలా పరిగెత్తింది. రెండు పాదాలూ నేల విడిచి గాల్లో కనబడుతున్నాయి. భూలక్ష్మి నిలబడిపోయి చూసింది. కండక్టర్ విజిల్ వేస్తేగాని ఆమె కాళ్లు కదల్లేదు.

ఇప్పుడు సుచిత్ర ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పీటీ టీచరు. పిల్లలకు పరుగు నేర్పుతుంది, ఆటలాడిస్తుంది. పోటీ నడక నేర్పమని ఎవరైనా అడిగితే, దానికి పక్కన నిలబడి చూసే మనిషి కావాలి, మా అమ్మ ఆ పని మానేసింది అని నవ్వేస్తుంది. సాయంత్రం ఆమె ఇంటికొచ్చే వేళకు భూలక్ష్మి సందు చివర నిలబడి ఉంటుంది. కూతురు మలుపు తిరగ్గానే ఆమె చూపు ఇప్పటికీ ముందు మోకాలి మీద పడి, ఆ తర్వాతే ముఖం దాకా పోతుంది.